చిలువ గూడు చూశారా? – ఆయ్

జులై 3

వాన. మధ్యాహ్నం ల్యాబు. క్లాసు మొత్తంలో మెలకువగా ఉన్నట్టు కనిపించింది సీసాలోని కప్ప ఒక్కటే.

మూడో అధ్యాయం పంపించేశాను. విశాఖపట్నంలో మా గైడు మాస్టారికి ఈపాటికి అందే ఉంటుంది – ఫారాలు, ఫోన్లో రికార్డు చేసిన మాటలు, అన్నీ. చిలువ – ఈల వేసే చిన్న అడవి బాతు – చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుందని పుస్తకాల్లో ఉంది. ఇక్కడ, అమలాపురం వైపు, చిలువలు కొబ్బరి మొవ్వులో, మట్టల సందున పెడుతున్నాయని నేనంటున్నాను. నేనంటే నేను కాదు, రోజూ చెట్లెక్కి కాయలు దింపేవాళ్ళు అంటున్నారు. "కొబ్బరిచెట్టు మీద చిలువ గూడు చూశారా?" ఇంచుమించు ప్రతి ఫారంలోనూ "అవును" గడిలో టిక్కు.

నలభయ్యేడేళ్ళకి పీహెచ్‌డీ ఏమిటి, అదీ బాతుల మీద, అని నవ్విన స్టాఫ్‌రూమ్ ముందు ఆ ఫారాలు పరిచిపెట్టాలనుంది. డిసెంబరుతో గడువు సరి. ఇక పొడిగించరు. ఈ అధ్యాయం తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేవి పక్షుల పేర్లూ, కృతజ్ఞతలూ.

జులై 5

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే నెత్తి మీంచి చిలువలు. ఏడో ఎనిమిదో. ఈల విన్నాను, లెక్క తప్పాను. గోధుమరంగు పిడికెడు బాతుకి అంత ఈల ఎక్కడిది...

జులై 9

మాస్టారు ఫోన్ చేశారు. అధ్యాయం బాగుందన్నారు. తరవాత –

"రికార్డింగులు విన్నానమ్మా. అందరూ ఆయ్, ఆయ్ అంటారు. ఏందమ్మా అది?"

"అవునని, సార్. మా వైపు అలాగే అంటారు."

"అట్లనా. మరి ప్రశ్న సగంలో ఉండంగనే అంటున్నారే కొందరు?"

"మర్యాద, సార్."

మాది అనంతపురం, మాకు ఇంత మర్యాద తెలియదులే అని నవ్వి పెట్టేశారు. నేనూ నవ్వాను.

మా ఆయన వసారాలో పేపరు చదువుతున్నారు. "గ్యాసు బండకి ఫోన్ చేశారా?" అనడిగాను వంటింట్లోంచే.

"ఆయ్."

కాసేపాగి, ఏమొచ్చిందో ఏమో, బయటికొచ్చి మళ్ళీ అడిగాను. చేశారా, లేదా?

"చెయ్యలేదు."

"ఆయ్ అన్నారుగా."

"నువ్వు అడిగేవు, నేను విన్నాను. ఆయ్ అన్నాను. చేసేనని ఎప్పుడన్నాను?"

చేతిలో గరిటె. అలాగే నిలబడ్డాను. పప్పు మాడింది.

జులై 10

కాలేజీకి సెలవు పెట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పొద్దుటి నుంచీ.

"చిలువ గూడు చూశారాండి?" – "ఆయ్." – "ఏ నెలలో చూశారు?" – "ఆయ్... వానల్లోనండి." వానల్లో ఏమిటి? గూడా, చిలువా, ఆయన చెట్టెక్కడమా? నేనడగలేదు. టిక్కు కొట్టేసి నాలుగో ప్రశ్నకి వెళ్ళిపోయాను. ఎంత హడావిడి నా గొంతులో. బస్సు తప్పిపోతుందన్నట్టు.

వేరే ఊరిదాన్నయితే మొదటి రోజే అడిగి ఉందును – ఆయ్ అంటే ఏమిటండీ అని. ఈ ఊరిదాన్ని కాబట్టే చెవికి ఆనలేదు. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట. అమ్మ కథ చెబుతుంటే ఆయ్. బళ్ళో మాస్టారు పాఠం చెబుతుంటే ఆయ్. పెళ్ళిచూపుల్లో మావగారు ఏదో అడిగితే ఆయ్ – దానికేమర్థం చెప్పుకున్నారో వాళ్ళు.

ఒక రికార్డింగు మాత్రం నాలుగుసార్లు విన్నాను. నగరం అనే ఊళ్ళో, నరసమ్మగారి కొబ్బరితోటలో, ఎండాకాలం. సత్తిబాబు అనే దింపు కార్మికుడు. "చూశారాండి?" "ఆయ్." తరవాత ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు... ఏదో చెప్పబోతున్నాడు. దాని మీద నా గొంతు – "సరే, తరవాతి ప్రశ్న."

సిగ్గేసింది. పదహారేళ్ళుగా పాఠం చెబుతున్నాను, అవతలివాళ్ళని మాట పూర్తి చేయనివ్వడం రాదు.

జులై 12

పి.గన్నవరం వెళ్ళాను, అక్విడెక్టు దగ్గర కాయలు ఒలుస్తున్న వాళ్ళ దగ్గరికి. ఇదివరకు ఫారం నింపిన ఆయనే దొరికాడు. పరీక్ష పెట్టాను.

"కొబ్బరిచెట్టు మీద నెమలి గూడు చూశారాండి?"

"ఆయ్."

ఈసారి నోరు మూసుకున్నాను. కష్టం. నాలుక కొసన ప్రశ్న దురద పెడుతోంది. ఆయన ఇంకో కాయ ఒలిచాడు. పీచు పక్కన పడేశాడు. నా వైపు చూశాడు.

"నెమలేటండి, మన వేపు?"

అదీ జవాబు. ఆయ్ జవాబు కాదు, జవాబుకి ముందు తలుపు తీసిన చప్పుడు. నేను తలుపు దగ్గరే టిక్కు పెట్టుకుని వెనక్కి తిరిగి వచ్చేశాను, అన్ని ఇళ్ళ దగ్గరా.

కొత్త నియమం: క్రియాపదం వచ్చేదాకా నోరెత్తకూడదు. చూసేను, చూళ్ళేదు. ఏదో ఒకటి రావాలి.

జులై 14

ఆరింటికి చెరువు గట్టు మీద. చిలువలు మేతకి లేచాయి. ముందు వెళ్ళేది ఈల వేస్తే వెనకది వేస్తుంది, దాని వెనకది... దిగేదాకా అదే. ఆ ఈలలో సమాచారమేమీ లేదని రెండో అధ్యాయంలో నేనే రాశాను. ఉన్నాను, వస్తున్నాను – అంతే. చీకట్లో ఒకదాన్నొకటి పోగొట్టుకోకుండా.

అంటే బాతు దగ్గర అర్థమైంది నాకు. మనుషుల దగ్గర కాలేదు.

జులై 15

పాత ఫారాలు పట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ నలుగురు. నలుగురూ ఆయ్. తరవాత ఇద్దరు "చూళ్ళేదండి", ఒకాయన "మా బావ చూసేడంటాడండి". నాలుగో ఆయన "మీరు అడిగేరు కదాని" అన్నాడు. కాదంటే నా మనసు కష్టపడుతుందట.

జులై 18

నగరం. సత్తిబాబు.

నరసమ్మగారి తోటలో చెట్టు నీడన కత్తి నూరుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అడిగాను. ఆయ్ అన్నాడు. నేను పీచు కుప్ప మీద కూర్చున్నాను. ఇంకేమీ అడగలేదు. కత్తి రాయి మీద అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగిందో.

"మేడమ్ గారూ, మీరు ఫారెస్టోళ్ళాండి?"

"కాదు. అమలాపురంలో కాలేజీ."

"టీచరు గారాండి. ఫారాలూ గట్రా పట్టుకొచ్చేరు గదాని భయపడ్డామండి. పిట్ట జోలికెళ్తే కేసంట గదండి. అందరం ఆయ్ అని ఊరుకున్నామండి."

అదొకటి. వెళ్ళిపొమ్మనే ఆయ్. ఎన్ని ఫారాల్లో ఉందో.

మళ్ళీ ఊరుకున్నాను.

"చూసేనండి," అన్నాడు సత్తిబాబు.

పెన్ను పీచులో పడిపోయింది.

"ఇదివరకు మొండి తాడిచెట్ల తొర్రల్లో పెట్టేవండి. తాళ్ళన్నీ కొట్టేసేరు గదండి, ఇంకేం చేత్తాయి. మీరప్పుడొచ్చెళ్ళేకేనండి – పది రోజులయ్యింది, కొమ్ము పురుగు మందెడదామని ఎక్కేను. మట్ట పక్కకి తియ్యగానే మొహమ్మీదికి లేచిందండి. పడిపోదును. నాలుగు గుడ్లు. చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నాయండి, ఇప్పుడే ఎవరో లేచెళ్ళిన కుర్చీలాగ."

మందు పెట్టకుండా దిగిపోయాడట. ఆ సంగతి నరసమ్మగారికి చెప్పలేదట.

తోట పక్క చెరువు గట్టు మీద మూడో చెట్టు. బైనాక్యులర్స్‌లో ఎంతసేపు చూసినా మట్టలే. మెడ నొప్పి పుట్టాక – ఒక మట్ట మొదట్లో, కన్ను. గుండ్రంగా, నల్లగా. నన్నే చూస్తోంది. ఎప్పటి నుంచి చూస్తోందో.

జులై 19

లెక్క వేశాను. గుడ్లన్నీ పెట్టి పొదగడం మొదలెట్టేసరికి పదమూడో తేదీ. మూడున్నర వారాలు. ఆగస్టు మొదటి వారం చివర పిల్లలు. ఒళ్ళు ఆరాక, ఒకరోజు ఇటూ అటూగా, అంత ఎత్తు నుంచి దూకేయాలి – రెక్కలు లేవు, తల్లి కింద నుంచి పిలుస్తుంది, ఒక్కొక్కటీ దూకుతుంది. దూదిపింజంత బరువు, దెబ్బ తగలదంటారు. నేను చూడలేదు. చూడాలి.

ఆ తోట దింపు ఆగస్టు తొమ్మిదికట.

జులై 20

నరసమ్మగారి ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటినా తోట లెక్క ఆవిడదే. గూడు సంగతి చెప్పాను. సత్తిబాబు మందు పెట్టలేదన్నది మింగేశాను.

"పిన్నిగారూ, ఈ దింపుకి ఆ ఒక్క చెట్టూ వదిలేస్తారా?"

"ఆయ్."

అయిపోయింది కదా అని లేవబోయాను, అలవాటు కొద్దీ. మళ్ళీ కూర్చున్నాను. పెద్దావిడని రెండోసారి అడిగితే మాట నమ్మనట్టు. అడక్కపోతే... కాఫీ తాగాను. ఖాళీ గ్లాసు కూడా కొంతసేపు తాగాను. ఆవిడ తమలపాకుల ఈనెలు తీస్తున్నారు. వాన మొదలై వెలిసింది.

"వదిలేద్దాంలే అమ్మాయ్. పురిట్లో ఉన్నదాని దగ్గరికి కత్తి పట్టుకుని వెళ్ళడమేవిటి."

కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. వంగి చెప్పులు వేసుకుంటున్నట్టు నటించాను.

జులై 23

మాస్టారికి ఉత్తరం మూడోసారి రాశాను, చింపేశాను. ఎవరికి తెలుస్తుంది? పరీక్షించేవాళ్ళు ఎక్కడివాళ్ళో. ఆయ్ అంటే అవునని నేను చెబితే అవుననే రాసుకుంటారు. నా మాటకి నేనే సాక్షిని.

నాలుగోసారి రాశాను. పంపాను. ఫారాల్లో "అవును" అన్నవన్నీ అవును కాదు సార్, నాదే తప్పు.

జులై 25

ఫోన్. మాస్టారికి మొత్తం మళ్ళీ చెప్పుకొచ్చాను. వింటున్నారో లేదో తెలియక "సార్?" అన్నాను. ఆయన ఆయ్ అనరు కదా.

"అట్లయితే ఇప్పుడు ఏం మిగిలిందమ్మా?"

"మళ్ళీ అడిగితే నలుగురైదుగురు నిజంగా చూసినవాళ్ళు, సార్. ఒక గూడు. అందులో పక్షి ఉంది."

"ఒక్కటైనా చాలు. సరిగ్గా చూసి రాస్తే అదే అధ్యాయం. పిల్లలు బయటపడినట్టు రుజువు ఉండాల. ఫొటో ఉండాల. అది లేకుంటే నేనేం చేయలేను."

కోప్పడి ఉంటే బాగుండేది.

జులై 30

రోజూ నగరం బస్సు. కండక్టరు టిక్కెట్టు ఇస్తూ "బాతు కులాసాయేనాండి?" అంటున్నాడు.

ఇవాళ మార్పిడి చూశాను. సాయంత్రం ఒక చిలువ వచ్చి పక్కచెట్టు మట్ట మీద వాలింది, సన్నగా ఈల. గూట్లోంచి ఇంకా సన్నగా ఇంకొకటి. గూట్లోది లేచి చెరువులోకి, వచ్చినది గూట్లోకి. ఆడా మగా ఇద్దరూ పొదుగుతాయి. ఏది ఏదో నాకు తెలియదు. వాటికి తెలుసు, చాలు.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆయన ఆయ్ అన్నారు. ఆగాను. "మగది వంట కూడా చేస్తుందా?" అన్నారు.

ఆగస్టు 2

గాలి. మట్టలు ఒకటే ఊగుతున్నాయి. పక్షి లేవలేదు.

ఆగస్టు 4

ఫొటో రావడం లేదు. కింద నుంచి ఎలా తీసినా మట్టలు, మట్టల నీడలు. గడ్డి మీద పడుకుని తీశాను, చీమలు కుట్టాయి. పిల్లలు దూకేటప్పుడే దొరకాలి. అప్పుడు నేను కాలేజీలో ఉంటే?

ఆగస్టు 6

సత్తిబాబు కొబ్బరిబొండం కొట్టిచ్చాడు. తాగుతూ అనేశాను – "గూట్లో పిల్లల ఫొటో ఒక్కటి ఉంటే ఈ బాధ ఉండదు సత్తిబాబూ, నా పుస్తకం గట్టెక్కేస్తుంది." ఊరికే అన్నాను. ఎదురుగా ఉన్న మనిషి పని చెట్లెక్కడమని గుర్తు రాలేదు. రాలేదా?

ఆగస్టు 7

బైనాక్యులర్స్‌లో పక్షి కదులుతోంది. లేస్తుంది, గూట్లోకి వంగి చూస్తుంది, కూర్చుంటుంది. మళ్ళీ లేస్తుంది. గుడ్లు చిట్లుతున్నాయేమో. కింద నిలబడి చెవులు రిక్కించాను. గాలి తప్ప ఏమీ వినిపించలేదు.

ఎన్ని ఉంటాయి? ఎనిమిదా, పదా? లోపల్నుంచి పెంకు కొడుతూ అవి కూడా తల్లిని పిలుస్తాయట, తల్లి బదులు పలుకుతుందట. ఉన్నాను, వస్తున్నాను...

ఆగస్టు 8

సాయంత్రం ఏడున్నర. ఇప్పుడే జరిగింది, ఇప్పుడే రాస్తున్నాను.

సత్తిబాబు ఫోన్.

"మేడమ్ గారూ, రేపు దింపండి. మూడో చెట్టు కాయ కొయ్యనండి, అమ్మగారు చెప్పేరు. ఊరికే ఎక్కి, గూటిది ఫొటో ఒక్కటి తీసేసి దిగిపోతానండి. మా అమ్మాయి ఫోను మంచిదండి. మీ పుస్తకానికి కావాలన్నారు గదండి?"

"ఆయ్," అన్నాను.

"ఆయ్," అన్నాడు. పెట్టేశాడు.

క్రియాపదం ఎవరమూ అనలేదు.

వద్దనాలి. ఇప్పుడు మనిషి పైకెళ్తే తల్లి లేచిపోతుంది. ఒళ్ళు ఆరని పిల్లలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతాయి. తల్లి పిలవకుండా దూకినవి గట్టు మీద పడతాయో, చెరువు మెట్ల మీద పడతాయో. ఇవన్నీ రెండో అధ్యాయంలో ఉన్నాయి, నా చేత్తో రాసినవే. వద్దు అన్నది రెండక్షరాలు.

అలవాటు కొద్దీ వచ్చిందని రాసుకుందామని కూర్చున్నాను. ఈ పుటకి అబద్ధం చెప్పి ఏం లాభం. అతను ఫొటో అన్నప్పుడు నాకు గూడు కనిపించలేదు. కనిపించింది మాస్టారి బల్ల మీద ఫొటో. ఆ తరవాతే ఆయ్ అన్నాను. నేను ఎక్కమనలేదు, అతనే ఎక్కాడు అని రేపు చెప్పుకోవడానికి సరిగ్గా సరిపోయే మాట.

ఇన్నాళ్ళూ అందరి ఆయ్‌లకీ అర్థం వెతికాను. నాది మాత్రం నాకు వెంటనే అర్థమైంది.

తిరిగి చేశాను. స్విచాఫ్. మళ్ళీ. స్విచాఫ్. పొద్దున్నే చెట్టెక్కేవాడు పెందలాడే పడుకుంటాడు. నరసమ్మగారి ఇంట్లో ల్యాండ్‌లైను మోగుతోంది, ఎత్తరు, ఆవిడకి ఒక చెవి పనిచేయదు.

ఎండెక్కకముందే మొదలెడతారు, అయిదున్నరకల్లా మొదటి చెట్టు. నగరం మొదటి బస్సు అక్కడికి చేరేసరికి ఏడవుతుంది. మూడో చెట్టుకి ఎంతసేపు.

వసారాలోకి వెళ్ళాను. మా ఆయన టీవీ చూస్తున్నారు. తాటిపాక రిఫైనరీలో రేపు ఆయనకి పొద్దుటి షిఫ్టు, ఆరింటికల్లా ఉండాలి. నగరం తోట మీంచి వెళ్ళాలంటే తెల్లారకముందే బండి తీయాలి.

"రేపు నాలుగున్నరకి బయలుదేరి, నన్ను నరసమ్మగారి తోట దగ్గర దింపుతారా?"

"ఆయ్."

గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, పుస్తకం ఈ చేతిలో, పెన్ను ఆ చేతిలో. ఇంకేమీ అడగలేదు. క్రియాపదం ఇంకా రాలేదు.